65 లక్షలల్ల కొత్త జీటీఐనా, సెకండ్ హ్యాండ్ ఎం340ఐనా? నల్గొండ రోడ్ల మీద తిప్పి చెప్తున్న

నమస్తే అందరికి. పొద్దుగాల ఆరున్నర అయితున్నది, పానగల్లు కాడ ఉదయసముద్రం కట్ట మీద ఉన్న. నా ఎనక రెండు బండ్లు కనబడుతున్నయి గదా. ఎర్రది ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, షోరూం నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు. నల్లది బీఎండబ్ల్యూ ఎం340ఐ, 2022 మోడల్, అమ్మకానికి ఉన్నది. రెండూ నావి కావు. నమ్మి తాళాలు చేతుల పెట్టిన ఇద్దరికీ ముందుగాల దండం.

ఈ వీడియో ఎందుకు చేస్తున్ననంటే, నెల కింద మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ జేసిండు. వాళ్లకు రైస్‌మిల్లు ఉన్నది. "అన్నా, నాయిన ఇన్నేండ్లకు ఒప్పుకుండు. అన్నీ కలుపుకొని అరవై ఐదు లక్షలు. స్పోర్ట్స్ కారే కావాలె. కొత్తది చిన్నది తీస్కోమంటవా, సెకండ్ల పెద్దది తీస్కోమంటవా?" అన్నడు. ఫోన్ల జవాబు చెప్పలేదు నేను. గచ్చిబౌలిల ఉన్నోళ్లకు చెప్పే జవాబు మనకు పనిజెయ్యదు. వాళ్లకు సర్వీస్ సెంటర్ పది కిలోమీటర్లు, మనకు వంద. అందుకే రెండు బండ్లూ ఇక్కడికి తెచ్చిన. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాక హైవే, అటు హాలియా మీదికెల్లి సాగర్ దాక, నడుమ పల్లెల రోడ్లు, మూడు రోజులు తిప్పిన.

"ఇవి స్పోర్ట్స్ కార్లా, ఒకటి హ్యాచ్‌బ్యాక్, ఇంకోటి సెడాన్" అని కామెంట్ పెడ్తరు, నాకు తెలుసు. రెండు డోర్లది కావాలంటే ఈ బడ్జెట్ల పాతవే దొరుకుతయి, వాటి ముచ్చట తర్వాత చెప్తా.

ముందు పైసల సంగతి. జీటీఐ మన దేశానికి 2025 మేల వచ్చింది. తయారైన బండిని తయారైనట్టే బయటి నుంచి తెస్తున్నరు, మొదటి విడతల 150 మాత్రమే. అప్పుడు ఎక్స్ షోరూం, అంటే ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర, 53 లక్షలు. ఈ ఎక్స్ షోరూం అనే మాట దగ్గరనే మనోళ్లు మోసపోతరు. తెలంగాణల ఇరవై లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 2022ల 18 శాతం జేసిండ్రు, 2025 ఆగస్టుల మళ్ల పెంచిండ్రు. ఈ బండికి లైఫ్ ట్యాక్స్ ఒక్కటే పది లక్షల పైన. ఇన్సూరెన్స్ కలుపుండ్రి. పది లక్షలు దాటిన బండి గాబట్టి ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటోడే ముందుగాల వసూలు చేసే ఇన్‌కం ట్యాక్స్ కూడా తీసుకుంటరు, అది ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు లెక్కల కలుస్తది, పోయేది కాదు. అంత కలిపితే అరవై ఐదు మీదికి పోతది. అంటే తమ్ముని బడ్జెట్ బండి ఇంటి ముంగట నిలబడేసరికే అయిపోయింది.

ఇప్పుడు ఈ నల్లది. ఎం340ఐ 2021 మార్చిల వచ్చినప్పుడు ఎక్స్ షోరూం 62.90 లక్షలు. చెన్నైల బిగిస్తరు దీన్ని, అందుకే ఆ ధరకు వచ్చింది. ఈ బండి ఓనరు ఆన్‌రోడ్, అంటే అన్నీ కలుపుకొని, ఎనభై లక్షల పైన పెట్టిండట. ఇప్పుడు అడుగుతున్నది 56. ఆయన కట్టిన లైఫ్ ట్యాక్స్ అటు ఆయనకు తిరిగి రాదు, ఇటు కొన్నోళ్లు మళ్ల కట్టేది లేదు, ఎందుకంటే బండి మన రాష్ట్రంల రిజిస్టర్ అయింది. పేరు మార్పుకు ఫీజు, అంతే. ఈ లెక్క నేను కాయితం మీద రాసి చూసుకున్నప్పుడు నాకే గట్టిగ తగిలింది. కొత్త బండిల పది లక్షలు బండికి కాదు, నంబర్ ప్లేటుకు పెడుతున్నం.

ఇంకోటి. డీలర్ దగ్గర కొంటే సెకండ్ హ్యాండ్ బండి మీద 18 శాతం జీఎస్టీ అని విని భయపడతరు. అది బండి మొత్తం ధర మీద కాదు, డీలర్ లాభం మీద. మనిషికి మనిషి అమ్ముకుంటే అది కూడా లేదు.

సరే, నడిపితే ఎట్లున్నయి? జీటీఐ రెండు లీటర్ల టర్బో, 265 పీఎస్ పవర్, ముందు చక్రాలకే బలం. సున్నా నుంచి వంద స్పీడ్‌కు 5.9 సెకన్లు. నార్కట్‌పల్లి దాటి ఖాళీ రోడ్డు దొరికినంక చూసిన, చాలా తేలిక బండి. స్టీరింగ్ ఎటు తిప్పితే అటు ముక్కు వెంటనే పోతది. సాగర్ పోయే దారిల మలుపులు ఉన్నయి చూడుండ్రి, ఆడ దీని మజా వేరే. నాకు నవ్వు ఆగలేదు, కెమెరాల కూడా పడ్డది అది. ఎం340ఐ కథ ఇంకోటి. మూడు లీటర్లు, ఒకే వరుసల ఆరు సిలిండర్లు, 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే గుంజే బలం, నాలుగు చక్రాలకు బలం, వందకు 4.4 సెకన్లు. దీని సప్పుడు ఒకసారి వినుండ్రి, నేను మాట్లాడ.

విన్నరు గదా. నాలుగు సిలిండర్ల బండి ఎంత మంచిదైనా ఈ సప్పుడు రాదు. నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. కాకపోతే ఒక్క మాట, నాలుగు లైన్ల హైవే మీద కార్లకు లిమిట్ వంద. ఈ రెండూ ఆరు సెకన్లల్ల ఆడికి పోతయి. ఆ తర్వాత ఉన్న బలమంత మన దగ్గర లారీని తొందరగ దాటనీకి పనికొస్తది, అంతకు మించి వాడొద్దు. చిట్యాల కాడ, కట్టంగూర్ కాడ బండ్లు అడ్డం వస్తయి, మనుషులు రోడ్డు దాటుతరు. ఇది నేను ప్రతి వీడియోల చెప్తా, చెప్తూనే ఉంటా.

ఇప్పుడు అసలు ముచ్చట, మన రోడ్లు, మన నీళ్లు, మన దూరం.

నల్ల బండికి రన్‌ఫ్లాట్ టైర్లు ఉన్నయి. గాలి మొత్తం పోయినా ఎనభై స్పీడ్ మించకుండా ఎనభై కిలోమీటర్ల దాక నడుస్తయి. మంచిదే. కాని నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. చౌటుప్పల్ దాటినంక లెక్క ఒడుస్తది. ఆ సైజు టైరు మన ఊర్ల దుకాణంల ఉండదు. మూడో రోజు రాత్రి హాలియా దాటినంక ఒక గుంతల పడి నా గుండె ఆగినంత పనైంది, అదృష్టం బాగుండి రిమ్‌కు ఏం గాలే. సెకండ్ల కొన్నా కొత్తది కొన్నా, చక్రాల కింద ఎత్తి ఈడ్చుకపోయే బండి కాదు, ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించుకపోయే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉన్నదా, అది జిల్లాకు వస్తదా అని ముందే అడుగుండ్రి.

కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. తప్పని నేను అనను, కల్లాలు లేని రైతు ఏం జేస్తడు? పొద్దూకినంక వడ్ల మీద పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడ్తరు. పొడుగు బండ్లకు ఆ రాళ్లు కనబడితే తప్పించుకోవచ్చు, ఇంత కిందికున్న బండికి కనబడేలోపే బంపర్ పోతది. ఆ నెల రోజులు రాత్రి పల్లె రోడ్లల్ల ఈ బండ్లు తియ్యొద్దు. మిర్యాలగూడ దిక్కు ఊక కూడా గాలిల మస్తుగ ఉంటది, ఎయిర్ ఫిల్టర్ పుస్తకంల రాసినదానికన్నా ముందే మార్చాలె.

నీళ్ల సంగతి నా సొంత నష్టంతోటి చెప్తున్న. నా మొదటి టర్బో బండి సెకండ్ల తీసుకున్న. అంతకుముందు ఓనరు రేడియేటర్ల కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిండు. మన బోరు నీళ్లల్ల ఎంత ఉప్పు, ఎంత సున్నం ఉంటదో మన ఇంటి గిన్నెలు చూస్తేనే తెలుస్తది. ఎండాకాలం మేల వేడి ఎక్కి, పైపు పగిలి, హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజన్ విప్పితే లోపల తెల్లగ పొరలు గట్టి ఉన్నది. అప్పటి నుంచి ఏ బండి చూడవోయినా, ఇంజన్ సల్లగున్నప్పుడు ముందుగాల కూలెంట్ డబ్బ మూత తీస్త. లోపల రంగు శుభ్రంగుండాలె, అంచుల తెల్ల పొర ఉండొద్దు. ఉంటే ఆడికే తిరిగొస్త, బేరం కూడా ఆడ.

పెట్రోల్ కూడా చూడాలె. ఇప్పుడు బంకులల్ల ఇరవై శాతం ఇథనాల్ కలిసిందే పోస్తున్నరు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లు దానికి తట్టుకునేటట్టు చేసినయి. అంతకు ముందుదైతే పెట్రోల్ మూత తీసి లోపల స్టిక్కర్ చూడుండ్రి, కంపెనీని రాతపూర్వకంగ అడుగుండ్రి. పది పన్నెండేండ్ల కింద బయటి దేశం నుంచి వచ్చిన బండికి ఇది చిన్న విషయం కాదు.

అట్లనే రెండు డోర్ల ముచ్చటకు వస్తున్న. పోయినేడు మహబూబ్‌నగర్ల ఒక దోస్తు అట్లాంటిదే ఒకటి చూసిండు. ఢిల్లీ బండి, సగం ధర. ఢిల్లీల పెట్రోల్ బండికి పదిహేనేండ్ల గడువు, డీజిల్‌కు పదేండ్ల గడువు అని కట్టుబాటు వచ్చినంక ఆడి బండ్లు చవకగ బయటికి వచ్చినయి. మీటర్ల 31 వేల కిలోమీటర్లు. సీటు తోలు చూస్తే నాకు నమ్మబుద్ధి కాలే. మెకానిక్ స్కానర్ పెట్టిండు. ఇట్లాంటి బండ్లల్ల కిలోమీటర్లు ఒక్క మీటర్లనే ఉండవు, వేరే కంప్యూటర్లల్ల కూడా రాసుకుంటది, కొన్నిట్ల తాళంచెవిల కూడా. గేర్‌బాక్స్ కంప్యూటర్ల 74 వేలు ఉన్నది. దోస్తు మొఖం చూడలేకపోయిన నేను, ఆరు నెలల సంది ఆ బండి ఫొటో ఫోన్ల పెట్టుకొని తిరుగుతుండు పాపం. ఆ బండి నిజమైనదే అయినా, మన రాష్ట్రానికి తెస్తే ఆడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదని ఎన్ఓసీ కాయితం తేవాలె, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ల కట్టాలె. చవక అన్నది ఆడనే సగం పోతది. ఇగ ఫోర్డ్ మస్టాంగ్ లాంటిది, 2016ల వచ్చింది, ఐదు లీటర్ల వీ8, మనసు గుంజుతది. కాని ఫోర్డ్ 2021ల ఇక్కడ తయారీ ఆపుతున్నమని చెప్పింది, పార్టు కోసం ఎదురుచూసే ఓపిక ఉన్నోళ్లే దాని దిక్కు చూడాలె.

ఈ నల్ల బండిని కూడా అట్లనే పరీక్ష చేయించిన. పెయింట్ మందం చూసే మిషన్ పెడితే ఎడమ దిక్కు ఎనక డోర్ ఒక్కటే మందం ఎక్కువుంది. అడిగితే గోడకు గీసుకుంటే పెయింట్ వేయించిన అని ఓనరు బిల్లు చూపెట్టిండు. బిల్లు ఉన్నోళ్ల మీద నాకు నమ్మకం. స్కానర్ల, మీటర్ల కిలోమీటర్లు కలిసినయి, 28 వేలు. టైర్ల మీద నాలుగంకెలు ఉంటయి, వారం, సంవత్సరం. 2022వే ఉన్నయి, మన ఎండలకు ఇంకో ఏడాదిల మార్చాలె. ఆర్సీల బ్యాంక్ పేరు ఉన్నది, లోన్ తీరింది గాని తీయించలేదు. ఫామ్ 35 ఇచ్చి అది తీయించినంకనే పేరు మార్పుకు ఫామ్ 29, 30 మీద సంతకాలు. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజులల్ల మన పేరుకు మార్పించుకోవాలె, క్లెయిమ్ చెయ్యనందుకు ఆయనకు వచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, బండితోటి మనకు రాదు.

తమ్మీ, నీకే చెప్తున్న, వింటున్నవనుకుంటా. 56 అడుగుతున్నరు, తగ్గుతది. మిగిలింది ఎంతయినా అది మిగిలిన పైసలు అనుకోవద్దు. ఐదు లక్షలు ఇంకో అకౌంట్ల వేసి పెట్టు, టైర్లకు, బ్రేకులకు, వారంటీ పొడిగించనీకి. అట్ల పెట్టగలిగితే నల్లదే తీస్కో, కళ్లు మూసుకొని కాదు, సర్వీస్ రికార్డు మొత్తం కంపెనీ నుంచి తీయించుకొని. అట్ల పెట్టలేనంటే, లేదా నెలకు పదిసార్లు పల్లె రోడ్లల్లనే తిరిగేదుంటే, ఎర్రది. కొత్త బండి అంటే వారంటీ మొత్తం నీది, అంతకు ముందు ఎవడు ఏం పోసిండో అన్న రంది ఉండది. అప్పు చేసి కొనేదైతే కూడా కొత్తదాని వడ్డీ సెకండ్ హ్యాండ్ దానికన్నా తక్కువుంటది, అది కూడా లెక్కల వేసుకో.

ఇరవై లక్షల లోపట చూసేటోళ్లు కూడా మస్తుమంది అడిగిండ్రు. స్కోడా ఆక్టావియా ఆర్ఎస్, 2017ల 24.62 లక్షలకు వచ్చింది, ఒకే ఓనరు చేతుల ఉన్నది దొరికితే చూడుండ్రి. దాని గేర్‌బాక్స్ ఆయిల్ అరవై వేల కిలోమీటర్లకు మార్చిన బిల్లు అడుగుండ్రి, అది లేకుంటే వద్దు. దాని మీద వీడియో వేరే చేస్తా.

ఆదివారం మిర్యాలగూడ నుంచి తమ్ముడు, వాళ్ల నాయిన వస్తున్నరు. మెకానిక్‌ను కూడా రమ్మన్న. పెద్దాయన ఎనక సీట్ల కూసొని సాగర్ దాక వస్తా అన్నడట, నడుము నొస్తదో లేదో చూసుకుంటడంట. ఆయన ఏమన్నడో వచ్చే వీడియోల చెప్తా.