కాపర్‌బ్యాండ్‌ను కడపకు తెచ్చే ముందు

అందరికీ నమస్కారం.

ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి పెట్టి పగడాలు, చేపలు పెంచే మీలో చాలామంది నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ట్యాంకు కుదురుకుంది, పగడాలు విచ్చుకుంటున్నాయి, ఇక కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేపను తెచ్చుకోవచ్చా?" ఈ రోజు ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను.

ముందు మీ కాళ్ల కింద చూడండి. ఈ హాలు నేలంతా కడప బండే. ఈ సున్నపురాయి ఒకప్పుడు లోతు లేని సముద్రం అడుగున పేరుకున్నది, అదీ భూమ్మీద చేప అన్నదే పుట్టకముందు. ఆ సముద్రం ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడు మనకు దగ్గరి తీరమంటే కొండలు దాటి నెల్లూరు వైపు వెళ్లాలి. అందుకే మనం ఆర్వో నీళ్లు పట్టి, లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలిపి, ఇంట్లోనే సముద్రాన్ని తయారు చేసుకుంటున్నాం. నీళ్లు అలా తయారవుతాయి. సముద్రంలో చేప తినే తిండి మాత్రం అలా తయారు కాదు. నా మాటంతా దీని చుట్టూనే.

బటర్‌ఫ్లై చేపల్లో సుమారు 130 జాతులున్నాయి. వాటిలో కొన్ని పగడపు పాలిప్‌లు, అంటే పగడాన్ని కట్టే బుల్లి జీవులు, తప్ప వేరే ఏదీ ముట్టవు. లక్షద్వీప్ దిబ్బల్లో కనిపించే మెలన్ బటర్‌ఫ్లై అలాంటిదే. పసుపు ఒంటి మీద సన్నని ఊదా గీతలతో చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని ఇంటికి తెస్తే రెండే దారులు: మన పగడాలు పోతాయి, లేదా అది ఆకలితో చస్తుంది. ఎక్కువసార్లు రెండూ జరుగుతాయి. మన సముద్రాల రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని తెచ్చి దానికి మేతగా వేయడమన్న ఆలోచన కూడా రాకూడదు. కాబట్టి ఆ జాతుల మాట ఇక్కడితో వదిలేద్దాం.

కాపర్‌బ్యాండ్ సంగతి వేరు. తెల్లని ఒంటి మీద రాగి రంగు పట్టీలు, వీపు రెక్క వెనుక భాగంలో కన్నులాంటి నల్లమచ్చ, ముందు పొడుగాటి మూతి. ఆ మూతి అలంకారానికి రాలేదు. పగడపు దిబ్బల సందుల్లో దాక్కున్న చిన్న పురుగులను, రొయ్యజాతి జీవులను లాక్కుని తినడానికి వచ్చింది. పొద్దస్తమానం కొంచెం కొంచెం ఏరుకుని తినే చేప అది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి గింజల మేత వేసి ఊరుకుంటే దానికి కుదరదు. పైగా, నీళ్లలో తేలే గింజను చాలా కాపర్‌బ్యాండ్‌లు తిండిగానే గుర్తించవు.

మరి అంత కష్టమైన చేపను మనమెందుకు కొంటున్నాం? ఐప్టేసియా కోసం. తొట్టిలో పెట్టే రాళ్లతో పాటు వచ్చి, వందలుగా పెరిగి, పక్కనున్న పగడాలను కుట్టే ఆ గోధుమ రంగు అనిమోన్, పువ్వులా కనిపించే సముద్ర జీవి, మన అందరి ట్యాంకుల్లోనూ ఉంది. కోసి పారేద్దామంటే మిగిలిన చిన్న ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది. కాపర్‌బ్యాండ్ దాన్ని తింటుందని విని మందు కొన్నట్టు చేపను కొంటాం. నేనూ అలాగే కొన్నాను.

మూడేళ్ల కిందట, ఏప్రిల్ నెల. షాపులో అడిగితే "తింటాదిలేన్నా, ఏం కాదు" అన్నారు. నా ఎదురుగా తినిపించి చూపించమని నేను అడగలేదు. ఆ తప్పు నాది. ఇంటికి తెచ్చి వదిలాను. తెల్లారేసరికి రాళ్ల మీద ఠక్కు ఠక్కున పొడుస్తూ తిరుగుతోంది. తింటోందని సంబరపడ్డాను, ఫొటోలు తీసి అందరికీ పంపాను. వారం తర్వాత మా అమ్మ తొట్టి ముందు కూర్చుని, "నాయనా, దీని డొక్క లోపలికి పోతాంది చూడు" అంది. నేను రోజూ రంగు చూశాను, ఈత చూశాను. ఆమె కడుపు చూసింది. ఆ తర్వాత ఎన్ని తెచ్చి వేసినా లాభం లేకపోయింది. 19వ రోజు పోయింది. తర్వాత అర్థమైంది, నా రాళ్ల మీద దానికి సరిపడే పురుగులే లేవని. అది పొడిచింది తిండి కోసం వెతుకుతూ.

బటర్‌ఫ్లై చేపల్లో దాదాపు అన్నీ సముద్రంలో పట్టి తెచ్చేవే. వలలో పడిన రోజు నుంచి మన దాకా వచ్చేలోపు ఎన్ని కవర్లు, ఎన్ని తొట్లు మారతాయో ఆలోచించండి. ఆ దారిలో చాలా రోజులు దానికి సరైన తిండి ఉండదు. మన చేతికి వచ్చేసరికే అది చిక్కి ఉంటుంది.

అందుకే ఇప్పుడు నేను చూసే పద్ధతి చెబుతాను. షాపుకు కొత్తగా వచ్చిన చేపను ఎంత బాగున్నా తీసుకోను. రెండు వారాలు అక్కడే ఉంచమంటాను, కావాలంటే అడ్వాన్సు ఇస్తాను. ఈలోపు పోతే పోనీ, అది నా తొట్టిలో అయినా పోయేదే. రెండు వారాల తర్వాత వెళ్లి నా ముందు మైసిస్, అంటే బుల్లి రొయ్యల్లాంటి జీవుల మేత, వేయమంటాను. ఒకసారి నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే తిన్నట్టు కాదు, మింగాలి. తల వెనక వీపు కండ నిండుగా ఉండాలి, డొక్క లోపలికి పోకూడదు, మూతికి దెబ్బ ఉండకూడదు.

తింటున్న చేప దొరికాక కూడా అసలు చిక్కు ఇంకా ఉంది. ఇంటికి తేగానే పగడాల తొట్టిలో వదలకండి. నాలుగు నుంచి ఆరు వారాలు విడిగా ఉంచాలి. తెల్లమచ్చల జబ్బు వస్తే రాగి మందు వాడాలి, ఆ మందు పగడాల తొట్టిలో పడితే పగడాలు, రొయ్యలు చచ్చిపోతాయి. తర్వాత రోజుకు మూడు నాలుగు సార్లు మేత. మైసిస్, ఇంట్లో పొదిగించిన ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యలు, విప్పిన ఆలిచిప్ప. ఆర్టీమియా గుడ్లు కోస్తా రొయ్యల హేచరీలకు వచ్చే సరుకే, దొరకడం కష్టం కాదు. కానీ అంత మేత వేస్తే నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి, పగడాలకు అది పడదు. చేప కడుపు నింపాలంటే నీళ్లు పాడవుతాయి, నీళ్లు కాపాడాలంటే చేప పస్తుంటుంది. నీళ్లలోని మురికిని నురగగా తీసేసే మంచి స్కిమ్మర్, వారం వారం నీళ్లు మార్చే ఓపిక ఉన్నవాళ్లే దీన్ని నెట్టుకురాగలరు. 400 లీటర్ల లోపు తొట్టిలో నాకైతే ధైర్యం చాలదు.

మన మే నెల సంగతి వేరే చెప్పాలా? బయట 40 డిగ్రీలు దాటితే నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా నీళ్లను 26 దగ్గర ఉంచలేం. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోతే కనీసం గాలి పంపు ఇన్వర్టర్ మీద నడవాలి. ఇవి లేకపోతే మార్చి నుంచి జూన్ దాకా కొత్త చేప ఏదీ తేవద్దని బతిమాలుతున్నాను.

ఐప్టేసియాకే అయితే చేప అక్కర్లేదు. పెప్పర్‌మింట్ రొయ్యలు చిన్నవాటిని తింటాయి. పెద్దవాటికి మన తాంబూలపు సున్నం ఉంది కదా, రసాయనంగా అదే పదార్థం, శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ తీసుకుని ముద్దగా కలిపి, పంపులు ఆపి, సిరంజితో నేరుగా దాని నోటి మీద వేయాలి. ఒక్కసారికి నాలుగైదింటికి మించి వేయకండి, నీళ్ల క్షారం ఎగబాకుతుంది. పాన్ షాపు సున్నం మాత్రం వద్దు, అందులో ఇంకేం కలిసి ఉంటుందో మనకు తెలియదు. ఓపిగ్గా రెండు నెలలు చేశాక నా తొట్టిలో ఇప్పుడు వెతికితే గానీ ఐప్టేసియా కనపడదు.

కాబట్టి కాపర్‌బ్యాండ్ నాకిప్పుడు మందుగా అవసరం లేదు. అయినా ఆ చేప మీద ఇష్టం పోలేదు. పోయిన వారం చెన్నై నుంచి ఫోన్ వచ్చింది, ఒకటి వచ్చింది, మైసిస్ తింటోందని వీడియో పంపారు. వీడియోలో మూతి కదిలింది కానీ మింగిందో లేదో కనపడలేదు. రెండు వారాలు ఉంచమన్నాను. వచ్చే ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి వెళ్తున్నాను, మైసిస్ ప్యాకెట్ నేనే పట్టుకెళ్తున్నాను. ఈసారి అమ్మను కూడా వెంట తీసుకెళ్తున్నాను.