మోజార్ట్ ‘లా క్లెమెన్జా ది టీటో’: ద్రోహి పక్షాన నిలిచిన సంగీతం

సభకు నమస్కారం.

‘టైటస్ దయ’ అని అర్థం వచ్చే మోజార్ట్ ఒపేరా, అంటే పాటలతో నడిచే ఈ నాటకం, 1791 సెప్టెంబరు 6న ప్రాగ్‌లో, రెండవ లియోపోల్డ్ బొహీమియా రాజుగా పట్టాభిషిక్తుడైన నాడు, తొలిసారి రంగమెక్కింది. ప్రభువు మెప్పు కోసం ఆదరాబాదరాగా కట్టినదని దీన్ని చాలాకాలం తేలికగా తీసేశారు. పట్టాభిషేకం కోసమే తయారైన మాట నిజమే. అయితే ఇందులోని సంగీతం క్షమించే చక్రవర్తి కన్నా, అతనికి ద్రోహం తలపెట్టినవాడి గుండెనే ఎక్కువగా పట్టించుకుందని నా దృఢమైన అభిప్రాయం.

పదవి పోగొట్టుకున్న చక్రవర్తి విటెలియస్ కుమార్తె విటెలియా, తనను ప్రేమించే సెస్టోను అతని ప్రాణమిత్రుడైన రోమ్ చక్రవర్తి టైటస్ మీదికే ఉసిగొల్పుతుంది. హత్యకు బయలుదేరుతూ సెస్టో పాడే ‘పార్టో’ పాటలో, ఆంటోన్ స్టాడ్లర్ వాయించడానికని మోజార్ట్ రాసిన క్లారినెట్, మన కచేరీలో వయొలిన్‌లా గాత్రాన్ని విడవకుండా వెన్నంటి నడుస్తుంది. మాటలు ప్రియురాలికి లొంగిపోతుంటే, ఆ వాద్యం అతని తడబాటును మనకు వినిపిస్తుంది.

తరువాత రోమ్ నగరంలోని కాపిటల్ కొండ తగలబడుతుంది. అంకాన్ని జోరుగా ముగించడం మోజార్ట్‌కు కరతలామలకం. ఇక్కడ మాత్రం ప్రజల ఆక్రందన తెర వెనుక నుంచి వినిపిస్తుండగా, పాత్రలన్నీ ద్రోహాన్ని తలచి విలపిస్తుండగా, సంగీతం నెమ్మదించి అణగిపోతుంది. 1734 నాటి కవి మెటాస్టాసియో సాహిత్యాన్ని, మోజార్ట్ కోసం రచయిత మాజోలా మూడంకాల నుంచి రెండంకాలకు కుదించి, వరుస ఏకగానాల నడుమ బృందగానాలకు చోటు కల్పించకపోతే ఈ ఘట్టానికి ఇంత బలం వచ్చేది కాదు.

చరిత్రలోని టైటస్ యెరూషలేమును నేలమట్టం చేసిన సేనాని అన్న సంగతిని మరువరాదు. అయినా, 1786లో, అప్పట్లో తాను పాలిస్తున్న ఇటలీలోని టస్కనీలో మరణశిక్షను రద్దు చేసిన లియోపోల్డ్ ఎదుట, సెస్టోకు విధించిన మరణశాసనాన్ని టైటస్ చించివేయడం వట్టి స్తోత్రపాఠం కాజాలదు. పాలించడానికి కఠినహృదయమే కావాలంటే, ఈ సామ్రాజ్యాన్నైనా తీసుకోండి, లేదా నాకు మరో హృదయాన్నైనా ఇవ్వండి అని అతడు దేవతలను వేడుకుంటాడు.

అందరూ జయజయధ్వానాలు చేయవలసిన ముగింపులో కూడా సెస్టో ఊరట చెందడు. మీరు నన్ను క్షమించారు గాని నా హృదయం నన్ను క్షమించదు, జ్ఞాపకం ఉన్నంతకాలం ఆ తప్పుకు అది ఏడుస్తూనే ఉంటుంది అంటాడు. టైటస్ ఆ మాటను కాదనడు. నిలకడైన విధేయత కన్నా నిజమైన పశ్చాత్తాపమే విలువైనదని బదులిస్తాడు.