క్లయింట్ లేకుండానే పోర్ట్‌ఫోలియో: ఆవకాయ సీసాతో మొదలుపెడదాం

నమస్తే అండీ. గ్రాఫిక్ డిజైన్ కోర్సు అయిపోయింది, ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్ చేతికి అలవాటయ్యాయి, కానీ క్లయింట్లే లేనప్పుడు పోర్ట్‌ఫోలియోలో, అంటే మన పనిని చూపించే ఫైల్‌లో, ఏం పెట్టాలి అని చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఈ వీడియో మీ కోసమే. వంటింట్లోంచి పేరు లేని ఆవకాయ సీసా ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టుకోండి. మన మొదటి ప్రాజెక్టు అదే.

ఇంట్లో పెట్టిన ఈ ఆవకాయని అమ్మకానికి పెడితే లేబుల్ ఎలా ఉండాలి? బొమ్మ గీసే ముందు టేపుతో సీసా చుట్టుకొలత కొలవండి. తర్వాత లేబుల్ మీద తప్పకుండా ఉండాల్సినవి రాసుకోండి. పేరు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఏమేం కలిపారు, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, శాకాహారం కాబట్టి ఆకుపచ్చ అంచున్న గడిలో ఆకుపచ్చ చుక్క. ఇది మనం ఊహించుకున్న బ్రాండ్ కాబట్టి నంబరు చోట 14 సున్నాలు పెట్టండి, ఇంకొకరి నంబరు వాడొద్దు. ఇవన్నీ సర్దాక మిగిలిన చోటులోనే మీ డిజైన్ కుదరాలి. పనితనం తెలిసేది అక్కడే.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఇల్లస్ట్రేటర్‌లో 'లక్ష్మి' అని టైప్ చేశాను. ఒత్తులు విడిపోయాయి, మధ్యలో పొల్లులు వచ్చాయి. కంగారు పడకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్‌లోకి వెళ్లి షో ఇండిక్ ఆప్షన్స్‌కి టిక్ పెట్టండి. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని మొదలయ్యే కంపోజర్ (అక్షరాలు పేర్చే పద్ధతి) ఎంచుకోండి. చూశారా, ఒత్తులు కిందికి దిగి కుదురుగా కూర్చున్నాయి. ఫాంట్ మాత్రం యూనికోడ్‌దే, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతిదే, కావాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సురన్న, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. నేను రామభద్ర తీసుకున్నాను. లావు అక్షరం, అరలో దూరంగా ఉన్నా చదవొచ్చు. పైన గుడికీ కింద ఒత్తుకీ చోటు కావాలి కాబట్టి ఇంగ్లీషు కంటే లైన్ల మధ్య ఎడం కాస్త పెంచండి. ఒత్తు తెగిపోయిన తెలుగు బోర్డు కనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తెలుగు అక్షరాన్ని శుభ్రంగా పేర్చడం వస్తే, ఇక్కడి ఏజెన్సీలకి అది చాలా అవసరమైన పని.

పోర్ట్‌ఫోలియోలో చివరి లేబుల్ ఒక్కటే పెట్టి వదిలేయకండి. పెన్సిల్ స్కెచ్ పెట్టండి, పక్కన పెట్టేసిన వెర్షన్ కూడా పెట్టండి. నేను ముందు ఎరుపు లేబుల్ మీద నలుపు అక్షరాలు వేశాను. ప్రింట్ తీసి సీసాకి చుట్టి చూస్తే లోపలి కారం రంగులో లేబుల్ కలిసిపోయింది. అందుకే పసుపుకి మారాను. ఈ రెండు లైన్లు రాస్తే చాలు, మీరు ఎలా ఆలోచిస్తారో చూసేవాళ్లకి అర్థమవుతుంది. ఇలాంటివి ఐదారు ఉంటే సరిపోతుంది. మీ వీధి టిఫిన్ సెంటర్ మెనూ, చుట్టాలింటి శుభలేఖ, ఏదైనా సరే. ఫ్లెక్సీ షాపులో చేసిన పని పెడితే ఓనర్‌ని అడిగి పెట్టండి, అందులో మీరు చేసింది ఎంతో రాయండి, ఫోన్ నంబర్లు చెరిపేయండి. డౌన్‌లోడ్ చేసిన టెంప్లేట్‌లో పేర్లు మార్చి మీదని మాత్రం పెట్టకండి.

రెస్యూమే ఒక్క పేజీ. ఫోటోషాప్ 90 శాతం అని బార్లు గీస్తారు కదా, ఆ 90 దేనికి లెక్కో చదివేవాళ్లకి తెలియదు. దాని బదులు 'సీఎంవైకేలో, 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో ప్రింట్ ఫైల్ తయారు చేయగలను' అని రాయండి. సీఎంవైకే అంటే ప్రింటుకి వాడే నాలుగు ఇంకుల రంగు పద్ధతి, బ్లీడ్ అంటే కత్తిరింపు కోసం అంచు బయటికి పెంచి వదిలే డిజైన్. తండ్రి పేరు, పుట్టిన తేదీ, కింద డిక్లరేషన్, ఇవన్నీ పాత బయోడేటా అలవాట్లు. ఆ చోటు పోర్ట్‌ఫోలియో లింకుకి ఇవ్వండి. పీడీఎఫ్ చేశాక అందులో మీ పేరు సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రాలేదంటే అక్షరాలు బొమ్మలుగా మారాయన్నమాట. రెస్యూమేలని సాఫ్ట్‌వేర్‌తో వడకట్టే కంపెనీల్లో అలాంటి ఫైల్ ఖాళీ కాగితంతో సమానం.

లింకు గూగుల్ డ్రైవ్‌ది అయితే షేరింగ్‌లో 'ఎనీవన్ విత్ ద లింక్' పెట్టండి. నేను మొదట్లో ఒక ఆఫీసుకి ఇది మార్చకుండానే పంపాను. యాక్సెస్ కోసం వాళ్లు పంపిన రిక్వెస్ట్ మెయిల్ నేను నాలుగు రోజుల తర్వాత చూశాను, అప్పటికే వేరేవాళ్లని తీసుకున్నారు. అందుకే పంపే ముందు మీ లింకుని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడండి. అందులో ఆవకాయ లేబుల్ కనిపించిందా? ఇక పంపించేయండి.