ముద్దుకు ముందు ఎనిమిది యాడ్ బ్రేకులు

(తెర మీద: మంచు కప్పిన చిన్న ఊరి వీధి, దుకాణాల మీద దీపాల తోరణాలు. ఎర్ర కోటు వేసుకున్న అమ్మాయి రెండు కాఫీలు పట్టుకుని మలుపు తిరుగుతుంది. ఎదురుగా వస్తున్న అబ్బాయిని గుద్దుకుంటుంది.)

నమస్కారం. వీడియో ఇక్కడే ఆపి, మిగతా కథ చెప్పమంటే మీరు చెప్పేస్తారు. ఆ అమ్మాయికి సిటీలో పెద్ద ఉద్యోగం. పండక్కి సొంతూరు వచ్చింది. వాళ్ళ నాన్న బేకరీ మూతపడేలా ఉంది. అబ్బాయికి క్రిస్మస్ చెట్ల తోట ఉంది, భార్య పోయింది, ఏడేళ్ళ పాప ఉంది. డిసెంబరు 24 రాత్రి ఊరంతా చూస్తుండగా ఇద్దరూ ఒకటవుతారు. పైనుంచి మంచు రాలుతుంది. శుభం.

అమెరికాలో హాల్‌మార్క్ చానల్, దాని సోదర చానల్ కలిపి ఇలాంటి సినిమాలు కొన్నేళ్ళలో ఏడాదికి నలభై దాకా కొత్తవి తీశాయి. 2009లో ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ అని పేరు పెట్టి మొదలుపెట్టారు. ఇప్పుడు అక్టోబరులోనే మొదలైపోతుంది. లైఫ్‌టైమ్ చానల్, నెట్‌ఫ్లిక్స్ కూడా ఇదే దారిలో నడుస్తున్నాయి.

అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఏం చూస్తారు అని నన్ను చాలామంది అడిగారు. ఒకేలా ఉండడం చేతకాక కాదండీ. పండగ రోజుల్లో జనం ఇంట్లో టీవీ ఎలా చూస్తారో బాగా గమనించి, దానికి తగ్గట్టు కట్టిన కథలు ఇవి. ఆ కట్టుబడి ఏమిటో చూద్దాం.

(తెర మీద: పాత పోస్టుకార్డులు నిండిన చెప్పుల పెట్టె.)

ఈ చానల్ వెనకున్నది సినిమా కంపెనీ కాదు, గ్రీటింగ్ కార్డుల కంపెనీ. 1910లో జాయిస్ హాల్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రెండు చెప్పుల పెట్టెల నిండా పోస్టుకార్డులతో కాన్సస్ సిటీలో దిగి వ్యాపారం మొదలుపెట్టాడు. 1951 డిసెంబరు 24న ఈ కంపెనీ స్పాన్సర్ చేయగా, టీవీ కోసమే ప్రత్యేకంగా రాయించిన ఒపేరా, అంటే పాటలతో సాగే నాటకం ఒకటి ఎన్‌బీసీ టీవీలో లైవ్‌గా వచ్చింది. హాల్‌మార్క్ పేరుతో చానల్ వచ్చింది మాత్రం 2001లో. కార్డు కొనేవాళ్ళు అందులో కొత్త సంగతి కోసం వెతకరు. తమ మనసులో ఉన్న మాట చక్కగా అచ్చయి ఉంటే చాలు. ఈ సినిమాల్లోనూ నాకు ఆ కార్డే కనిపిస్తుంది.

ఇక అసలు పనితనం. రెండు గంటల స్లాటులో సినిమా సుమారు 84 నిమిషాలే, మిగతాదంతా యాడ్స్. అందుకని కథను తొమ్మిది అంకాలుగా కోస్తారు. మన సినిమాకు ఒక్క ఇంటర్వెల్, దీనికి ఎనిమిది. ప్రతి బ్రేకుకు ముందు చిన్న కొక్కెం వెయ్యాలి. భయపెట్టకూడదు, కానీ రిమోట్ మీదికి చెయ్యి పోకూడదు. అందుకే ఆ ‘దాదాపు ముద్దు’ పుట్టింది. ఇద్దరూ దగ్గరికి వస్తారు, సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది, లేదా పాప పరిగెత్తుకొస్తుంది, లేదా అవెన్‌లో బిస్కెట్లు మాడిన వాసన వస్తుంది. బ్రేక్. తిరిగి రాగానే ఎవరో ఒకరు, ‘అయితే శనివారం లోపల డబ్బు కట్టకపోతే బేకరీ పోతుందన్నమాట’ అని జరిగింది మళ్ళీ చెబుతారు. చివరికి వచ్చేసరికి ఒక అపార్థం. సగం మాట విని ఒకరు అలుగుతారు. పది నిమిషాల్లో అది తేలిపోతుంది. ఇందులో విలన్ ఉండడు.

పోయిన డిసెంబరులో మా అమ్మ తెనాలి నుంచి ఇక్కడికి, న్యూజెర్సీకి వచ్చింది. ఆవిడకు ఇంగ్లిష్ అంతగా రాదు. వంటింట్లో జంతికలు వత్తుతూ, నూనె కాగే లోపు హాల్లోకి వచ్చి, సోఫా వెనకే నిలబడి చూసింది. ‘ఏమే, ఈ పిల్లకి ఆ అబ్బాయి ఏమవుతాడే?’ అంది. నేను చెప్పబోయేలోపే, ‘చెప్పకులే, అర్థమైంది’ అంది. వెళ్ళి ఒక వాయి తీసి మళ్ళీ వచ్చింది. మధ్యలో పావుగంట పోయినా కథ ఎక్కడా తెగలేదు. ‘ఇప్పుడు ఆ సిటీ అబ్బాయి ఫోన్ చేస్తాడు చూడు’ అంది. ఫోను మోగింది. ఆవిడ మొహంలో ఆ వెలుగు చూశాక నాకు ఈ తొమ్మిది అంకాల లెక్క తలకెక్కింది. మన పోస్టర్ల మీద ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వేస్తారే, ఆ మాటను ఇంత బుద్ధిగా పాటించిన సినిమాలు నేను వేరే చూడలేదు. వంట చేసేవాళ్ళు, పిల్లాణ్ణి నిద్రపుచ్చి వచ్చేవాళ్ళు, మధ్యలో లేచి తలుపు తీసేవాళ్ళు, అందరికీ ఇందులో చోటుంది.

(తెర మీద: రాతి భవనాలు, పాత ఉన్ని మిల్లు, పక్కన నది.)

ఇప్పుడు ఆ మంచు సంగతి. కథ అమెరికాలోదే గానీ, షూటింగ్ చాలావరకు కెనడాలో. వాంకూవర్ చుట్టుపక్కల, ఒంటారియో పల్లెల్లో తీస్తారు. అక్కడి ప్రభుత్వాలు స్థానికులకిచ్చిన జీతాల్లో కొంత భాగం పన్ను రాయితీగా తిరిగి ఇస్తాయి. ఒటావా దగ్గర ఆల్మోంట్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు ఉన్ని మిల్లులు నడిచిన ఊరు. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నైస్మిత్ పుట్టింది కూడా ఆ పక్కనే. దాని ప్రధాన వీధి ఎన్ని సినిమాల్లో ఎన్ని పేర్లతో అమెరికా పల్లె అయిందో లెక్కే లేదు.

అక్టోబరుకు సినిమా చేతికి రావాలంటే ఎండాకాలంలో తీయాలి. రెండు మూడు వారాల్లో మొత్తం అయిపోవాలి. పచ్చిక మీద తెల్ల దుప్పట్లు పరుస్తారు, కిటికీ అంచులకు నురుగు పూస్తారు, కాగితం ముక్కలు ఎగరేస్తారు, దగ్గరి షాట్లకు దంచిన ఐసు పోస్తారు. ముప్పై డిగ్రీల ఎండలో నటులు ఉన్ని కోటు, మఫ్లరు, టోపీతో చలికి వణకాలి. ఈసారి చూసేటప్పుడు రెండు గమనించండి. మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోందా? హీరో వెనకాల చెట్టుకు పచ్చటి ఆకులున్నాయా? ఆ ఎండలో ఆ కోటు మోస్తూ మనల్ని నమ్మించినందుకు వాళ్ళంటే నాకు గౌరవం.

వీటిలో నాకు నచ్చనిదీ ఉంది. ఇంటిల్లిపాదికీ అంటారు గానీ, చాలా ఏళ్ళు ఆ ఇల్లు తెల్లవాళ్ళదే. మనలాంటి మొహాలు పక్కింటి స్నేహితురాలి దగ్గరే ఆగిపోయేవి. 2019లో ఇద్దరు పెళ్ళికూతుళ్ళు ముద్దు పెట్టుకున్న యాడ్‌ను హాల్‌మార్క్ తీసేసింది. గొడవయ్యాక క్షమాపణ చెప్పింది. మరుసటి ఏడు క్రిస్మస్ సినిమాలోనే ఒక స్వలింగ జంట బిడ్డను దత్తత తీసుకోవాలనుకునే కథ వచ్చింది. ఆ మార్పు రావలసిందే, ఇంకా రావాలి.

మా అమ్మ అడిగిన ఇంకో మాట కూడా నన్ను వదల్లేదు. ‘వీళ్ళు చర్చికి ఎప్పుడు వెళ్తారే?’ అంది. మా ఇంట్లో క్రిస్మస్ అంటే వసారాలో కాగితపు నక్షత్రం, డిసెంబరు మొదలైన దగ్గర్నుంచి సెమీ క్రిస్మస్‌లు, రాత్రిళ్ళు ఇంటింటికీ తిరిగే క్యారల్స్ జట్టు. ఈ సినిమాల్లో చెట్టు, బిస్కెట్లు, దీపాల పోటీ ఉంటాయి, ఏసు మాత్రం ఎక్కడో పశువుల పాక బొమ్మలో ఉంటాడు. ఏ మతంవాళ్ళయినా కూర్చుని చూడగలగడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను. అమ్మకు మాత్రం అది వెలితి.

అయినా మర్చిపోలేదు. మొన్న తెనాలి నుంచి ఫోన్ చేసి, ‘ఆ బేకరీ పిల్ల సినిమా మళ్ళీ వేస్తున్నారా?’ అని అడిగింది. ఏ బేకరీ పిల్లమ్మా అన్నాను. ‘అదేనే, ఎర్ర కోటు. తండ్రికి ఒంట్లో బాగోలేదు చూడు, ఆ పిల్ల.’

ఇంకా వెతుకుతున్నాను.