జిల్లా పేజీ ఎక్కడ దొరుకుతుంది?

శ్రోతలకు నమస్కారం.

పదిహేనేళ్ల కింద మీ ఊరి చెరువుకు గండి పడిందనుకోండి. ఎన్ని ఎకరాలు మునిగాయి, ఏ అధికారి వచ్చి చూశారు, ఏమని మాటిచ్చారు అన్నవి ఇప్పుడు కావాలి. ఫోన్‌లో వెతికితే నిరుటి వరద వీడియోలు వస్తాయి, హైదరాబాద్ నాలాల సంగతి వస్తుంది. మీ చెరువు మాత్రం రాదు. ఎందుకు రాదో, ఎక్కడ వెతికితే దొరుకుతుందో ఇవాళ చూద్దాం.

మొదటి కారణం, ఊరి వార్త జిల్లా పేజీల్లోనే అచ్చవుతుంది. హైదరాబాద్‌లో అమ్మే పత్రికలో అది ఉండదు, వెబ్‌సైట్‌లోకి ఎక్కడం అరుదు. ఈ-పేపర్‌లో పెట్టినా అక్కడ పేజీ ఒక బొమ్మ. చాలావాటి లోపలి అక్షరాలు సెర్చ్‌కు అందవు. పైగా కొంతకాలం తర్వాత పాత సంచికలు తీసేస్తారు.

రెండో కారణం కొంచెం సాంకేతికం. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్ అక్షర పద్ధతి తెలుగులో వాడకంలోకి రాకముందు ఒక్కో పత్రిక తన సొంత ఫాంటుతో వెబ్‌సైట్ నడిపింది. తెర మీద 'అ' కనిపించినా కంప్యూటర్ లోపల దాచుకున్నది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ పేజీ తెరిస్తే అర్థంలేని గీతలే. సెర్చ్ ఇంజన్‌కు అది తెలుగని కూడా తెలియదు. ఇక పేజీలే మాయమవడం సరేసరి. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లకు తెరుచుకోలేదు.

మూడోది, పేర్ల తిరకాసు. హనుమకొండ, హన్మకొండ, అనుమకొండ: మూడూ రాస్తారు, మూడూ కొట్టి చూడాలి. జిల్లాల సంగతి ఇంకా చిక్కు. ములుగు వార్తనే తీసుకోండి. 2016 అక్టోబర్ 11కు ముందైతే వరంగల్ జిల్లా కింద, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి కింద, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా కింద చూడాలి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ జిల్లా అయింది. ఈ తేదీలు ఒక చీటీ మీద రాసుకుని వెళ్తే సగం పని అయినట్టే.

వెళ్లాల్సింది గ్రంథాలయానికి. అక్కడ 'పాత పేపర్లు ఉన్నాయా' అని అడిగితే చాలదు. ఏ పత్రిక, ఏ నెల, మెయిన్ పేజీలా జిల్లా పేజీలా అన్నది చెప్పాలి. ఘటన జరిగిన తేదీన వెతక్కండి, వార్త మర్నాడు వస్తుంది. ఆ తర్వాత వారం రోజుల సంచికలు కూడా తిరగేయండి. మొదటి రోజు రాసిన అంకె తర్వాత మారడం మామూలే. దొరికాక పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాసుకుని పేజీ మొత్తాన్ని ఫొటో తీయండి. కటింగ్ ఒక్కటే తీస్తే దాని తేదీ ఏమిటో రేపు మీకే తెలియదు.

ఇక్కడే మన గ్రంథాలయాల లోపమూ చెప్పాలి. చాలా చోట్ల దినపత్రికలను కొన్ని నెలలు ఉంచి తూకానికి అమ్మేస్తారు. బైండు చేయించినా మెయిన్ పేజీలు కుట్టి, జిల్లా పేజీలను వదిలేస్తారు. పోతే దొరకనిది మాత్రం ఆ జిల్లా పేజీయే! ఉద్యోగ ప్రకటనలను బ్లేడుతో కోసుకుపోయే పాఠకులు మరో తద్దినం. న్యూస్‌ప్రింట్ కూడా ఎక్కువ కాలం ఆగదు. అది కలప గుజ్జు కాగితం, అందులోని లిగ్నిన్ అనే పదార్థం గాలికి, వెలుతురుకు పసుపెక్కి కాగితాన్ని పెళుసు చేస్తుంది. అందుకే మడతపెట్టకుండా పరిచి, ఎండ, చెమ్మ తగలకుండా, గోడకు ఆనించకుండా పెట్టాలి. గోడ నుంచే చెదలు ఎక్కుతాయి. చిరిగిన చోట సెల్లోటేప్ అంటించొద్దు, దాని జిగురు కొన్నేళ్లకు కాగితాన్నే తినేస్తుంది. స్కాన్ చేస్తే కనీసం 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో చేసి, ఫైలు పేరును సంవత్సరం, నెల, తేదీ వరుసలో పెట్టండి. అప్పుడవి వాటంతటవే క్రమంలో నిలబడతాయి.

పాత వార్త సంగతి ఇది. ఇవాళ్టి వార్తకూ ఈ పద్ధతే పనికొస్తుంది. 'వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మూడు రోజులు సెలవు' అని వాట్సాప్‌లో ఒక పేపర్ కటింగ్ వచ్చిందనుకోండి. నమ్మిన రైతు పత్తి బండి ఆపుకుంటాడు. ముందు కటింగ్ మీద తేదీ ఉందా చూడండి. లేకపోతే అది నిరుటిదో అంతకుముందుదో కావచ్చు. ఉంటే ఆ పత్రిక ఆ రోజు సంచికను ఈ-పేపర్‌లోగాని, గ్రంథాలయం బల్ల మీదగాని తెరిచి పోల్చండి. వార్త మొదట్లో ఊరి పేరు లేకపోయినా, శీర్షిక అక్షరాలు ఆ పత్రికవి కాకపోయినా అనుమానించాల్సిందే. చివరగా మార్కెట్ కార్యాలయానికి ఒక ఫోన్ చేయండి. విలేకరి కూడా చేసే పని అదే.

అచ్చు పత్రికకు ఇంకో కట్టుబాటు ఉంది. ప్రతి సంచికలోనూ ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. తప్పు రాస్తే నిలదీయడానికి ఒక మనిషి, ఒక చిరునామా ఉన్నాయన్నమాట. ఫార్వర్డ్ మెసేజ్‌కు ఆ బాధ లేదు.

గ్రంథాలయం పెట్టడం, పత్రిక నడపడం, ఈ రెండు పనులూ మన వరంగల్ ప్రాంతానికి కొత్తవి కావు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో మొదలైంది. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లెలో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో, తెనుగు పత్రిక నడిపారు. పల్లె నుంచి వారపత్రిక! ఇవాళ జిల్లా కేంద్రంలోనే అది కష్టం.

మరి గ్రంథాలయానికి డబ్బులెవరిస్తారు? మీరే. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. వెయ్యి రూపాయల పన్నుకు మరో 80 రూపాయలు. దాన్ని పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ దగ్గరే చాలా చోట్ల ఆలస్యమవుతుంది. ఎంత వసూలైంది, ఎంత, ఏయే తేదీల్లో జమ చేశారు అని సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

జవాబు వచ్చేలోగా మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లి, జిల్లా పేజీలను ఎన్ని నెలలు ఉంచుతున్నారో కనుక్కోండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, చాలా గ్రంథాలయాలకు ఆ రోజే సెలవు.

నమస్కారం.