గిటారు తీగ మీద ఎంబీరా: థామస్ మప్ఫుమో పాటల కట్టుబడి

అందరికీ నమస్కారం.

జింబాబ్వే గాయకుడు థామస్ మప్ఫుమో ప్రస్తావన వస్తే ఆయన పాటల్లోని మాటల గురించే ఎక్కువగా చెప్పుకుంటాం. నేను వాయిద్యంతో మొదలుపెడతాను. ఆయన తిరుగుబాటులో సగం ఆ వాయింపులోనే ఉందని నా నమ్మకం.

జింబాబ్వేలోని షోనా ప్రజల వాయిద్యం ఎంబీరా. అందులో పెద్ద రకాన్ని 'ఎంబీరా ద్జవద్జిము' అంటారు. పూర్వీకుల ఎంబీరా అని అర్థం. గట్టి చెక్కపలక మీద 22 నుంచి 28 దాకా ఇనుప మీటలు బిగిస్తారు. ఎడమవైపు రెండు వరసలు, కుడివైపు ఒకటి. ఎడమ బొటనవేలు ఆ రెండు వరసలనూ చూసుకుంటుంది. కుడి బొటనవేలు మీటను పైనుంచి కిందికి నొక్కుతుంది, కుడి చూపుడువేలు కిందనుంచి పైకి మీటుతుంది. చిటికెనవేలు పలక మూలనున్న రంధ్రంలో దూరి బరువు మోస్తుంది. పలక మీద సీసా మూతలు ఉంటాయి, వెనకటి రోజుల్లో నత్తగుల్లలు కట్టేవారు. మీటినప్పుడల్లా అవి జుంయిమంటాయి. అది లోపం కాదు. తంబురా తీగ కింద జుంకారం కోసం పెట్టే జీవా దారం ఎంత అవసరమో ఎంబీరాకు ఆ జుంకారం అంత అవసరం. మొత్తాన్నీ 'డేజే' అనే పెద్ద సొరకాయ బుర్రలో ఇరికించి వాయిస్తారు.

ఇక పాట వరస సంగతి. చాలా ఎంబీరా పాటల్లో ఒక ఆవృత్తానికి 48 మాత్రలు, అంటే 12 మాత్రల పాదాలు నాలుగు. 'న్యామరోపా' తరహా పాటల్లో స్వరాలు నడిచే తీరును మన స్వరాల్లో చెప్పుకుంటే స గ ప, స గ ధ, స మ ధ, రి మ ధ. పాదానికి మూడు స్వరాలు, నాలుగో పాదం దాకా పాదం మారినప్పుడల్లా ఒక్కటే జరుగుతుంది. నాలుగో పాదం దాటి మొదటిదానికి వస్తే ఎక్కడా ముగిసినట్టు అనిపించదు. రాత్రంతా తిప్పినా విసుగు పుట్టకపోవడానికి మూలం ఇదే.

చేతులతో వేసి చూడండి. మనసులో 12 మాత్రలు లెక్కపెడుతూ కుడి తొడ మీద 3 మాత్రలకోసారి, ఎడమ తొడ మీద 4 మాత్రలకోసారి కొట్టండి. కుడిచేతి దెబ్బ హోషోది. హోషో అంటే గింజలు నింపిన సొరబుర్ర గిలకల జత. మూడు మాత్రల్లో మొదటిది గట్టిగా పడుతుంది, రెండోది దాదాపు వినపడదు. ఎడమచేతి దెబ్బ సుమారుగా స్వరాలు మారే చోటు. రెండూ 12 మాత్రలకోసారి మాత్రమే కలుసుకుంటాయి. ఏదో ఒక చేతినే నమ్ముకుని నడిస్తే రెండోది కచ్చితంగా జారిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తప్పేది అక్కడే.

దీని మీద ఇంకో ముడి ఉంది. ఎంబీరాలు కనీసం రెండు ఉంటాయి. మొదటిది వాయించేది 'కుషౌరా', రెండోది అల్లుకునేది 'కుత్సిన్హిరా'. తేలిక పాటల్లో రెండో వాద్యకారుడు అదే వరసను ఒక్క మాత్ర ఆలస్యంగా వాయిస్తాడు. ఇద్దరి స్వరాలూ ఒకదాని సందులో ఒకటి పడి, ఇద్దరిలో ఎవరూ వాయించని మూడో రాగం వినిపిస్తుంది. ఆ ఒక్క మాత్ర దూరం చెరిగిపోయిందంటే అల్లిక మొత్తం చదునైపోతుంది.

ఈ సంగీతం 'బీరా' అనే రాత్రంతా సాగే ఆరాధనలో పూర్వీకుల ఆత్మలను పిలుస్తుంది. క్రైస్తవ మిషన్లు దాన్ని అన్యదేవతల పూజగా చూసి దూరం పెట్టాయి. 1896-97లో స్థానికులు బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డప్పుడు, నేహాండా అనే పూర్వీకురాలి ఆత్మ ఆవహించిన స్త్రీని ఒక నాయకురాలిగా గుర్తించి, 1898లో ఉరితీశారు. ఆ తిరుగుబాటును 'చిమురెంగా' అంటారు. 1970ల గెరిల్లాలు తెల్లవారి ప్రభుత్వం మీద తమ పోరాటాన్ని రెండో చిమురెంగా అన్నారు. మప్ఫుమో తన సంగీతానికి ఆ పేరే పెట్టుకున్నాడు.

1945లో పుట్టిన ఆయన మొదట్లో రాక్, సోల్ పాటలే పాడేవాడు. 1970ల మొదట్లో మాంగూరా రాగి గనుల దగ్గర హాలెలూయా చికెన్ రన్ బ్యాండ్‌లో ఉండగా, గిటారిస్టు జోషువా డూబేతో కలిసి ఎంబీరా వరసను ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చాడు. 1974 నాటి 'ఎన్గోమా యారీరా' ఆ పనికి మొదటి గుర్తుల్లో ఒకటి. కిటుకు అరచేతిలో ఉంది. గిటారు పెట్టె మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర, కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి మీటాలి. చెయ్యి ఎత్తేస్తే ఒక స్వరం మోగుతుండగానే రెండోది వచ్చి పడి అల్లిక మసకబారుతుంది. బ్రిడ్జికి మరీ దూరంగా ఆనిస్తే శ్రుతి చచ్చి టకటకమనే చప్పుడు మిగులుతుంది. రెండు గిటార్లు కుషౌరా, కుత్సిన్హిరా పంచుకుంటాయి. ఎడమ బొటనవేలి మంద్రస్వరాలు బేస్ గిటారుకు, హోషో పని డ్రమ్స్‌లోని హై-హ్యాట్ అనే జంట తాళాలకు వెళతాయి. తర్వాత జోనా సిథోలే ఈ వాయింపును ఎంతో మెరుగుపరిచాడు.

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం. షోనా భాషలో స్వరం ఎత్తు మారితే మాట అర్థమే మారుతుంది. అందుకే పాట వరస పలుకును అంటిపెట్టుకుని నడవాలి. 'కుదెకెతెరా' అనే సంప్రదాయ గానంలో సామెతలు, చాటుమాటలు ఎక్కువ. ఆ పద్ధతి అక్షరాలా చదివే సెన్సారు అధికారికి అందేది కాదు. పైగా బీరా ఎరిగిన శ్రోతకు మాటలు రాకముందే గిటారు వరస ఎవరిని పిలుస్తోందో తెలిసిపోయేది. అయితే 'తుమిరా వనా కుహోందో' లాంటి పాటలో చాటు పెద్దగా లేదు. 'పిల్లల్ని యుద్ధానికి పంపండి' అని అర్థం. ప్రభుత్వ రేడియో ఆయన్ని దూరం పెట్టింది, మొజాంబిక్ నుంచి నడిచే గెరిల్లాల రేడియో వినిపించింది. 1979లో విచారణ లేకుండా సుమారు మూడు నెలలు నిర్బంధించారు.

1980 ఏప్రిల్‌లో స్వాతంత్ర్యం వచ్చింది. 1980ల మధ్యలో నిజమైన ఎంబీరాలే బ్యాండులోకి వచ్చాయి, కొత్త చిక్కులు తెచ్చాయి. న్యామరోపా అనే పేరే ఉన్న ఎంబీరా శ్రుతి హరికాంభోజికి దగ్గరే గానీ, స్వరస్థానాలు తయారుచేసే మనిషిని బట్టి మారతాయి. గిటారు మెట్లు మారవు. కాబట్టి ఎంబీరానే సర్దాలి. మీటను బయటికి లాగితే శ్రుతి దిగుతుంది, లోపలికి తోస్తే పెరుగుతుంది. బుర్ర ముందు మైకు పెడితే డ్రమ్స్ చప్పుడు దూరి కూత వస్తుంది. పలకకే పికప్ (కంపనాన్ని నేరుగా పట్టే చిన్న పరికరం) అంటిస్తే కూత తగ్గుతుంది గానీ మూతల జుంకారం కరుకుగా వినిపిస్తుంది.

1988లో మంత్రులు కార్లను ప్రభుత్వ ధరకు కొని ఎక్కువ ధరకు అమ్ముకున్న కుంభకోణాన్ని బులవాయో పత్రిక 'ది క్రానికల్' బయటపెట్టింది. 1989లో మప్ఫుమో 'కరప్షన్' విడుదల చేశాడు. ఈసారి చాటు వద్దనుకున్నాడు, ఇంగ్లిష్‌లోనే పాడాడు. తాను ఎవరి గెలుపు కోసం పాడాడో వాళ్ళనే నిలదీసిన ఈ పాటను నేను యుద్ధకాలపు పాటలకన్నా గొప్ప తెగువగా చూస్తాను. 2000 ప్రాంతంలో ఆయన అమెరికాలోని ఆరెగాన్‌కు వెళ్ళిపోయాడు. మళ్ళీ 2018 ఏప్రిల్‌లో హరారేలో పాడాడు.

ఇప్పుడు 'ఎన్గోమా యారీరా' మూడుసార్లు వినిపిస్తాను. మొదటిసారి డ్రమ్స్‌లో మూడు మాత్రల నడక పట్టుకోండి. రెండోసారి బేస్ వెంట వెళ్ళండి. మూడోసారి గిటారు ఒక్కటే వినండి, ఆవృత్తం ఎక్కడ మొదలవుతోందో వెతకండి. దొరకకపోతే కంగారు పడకండి, ఎక్కడ అందితే అక్కడినుంచే తొడ మీద తాళం మొదలుపెట్టండి.