స్వాతి వెళ్లి విశాఖ వచ్చిన రాత్రి: శ్రోతలతో ముఖాముఖి

(గోదావరి డెల్టా పల్లెల్లో ఆశ్వయుజ, కార్తీక మాసాల వాతావరణం, ఊరి చరిత్ర అన్న అంశంపై జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం. సమాధానాలు ఇచ్చినవారు పల్లె చరిత్రలు సేకరిస్తున్న ఒక విశ్రాంత వ్యవసాయాధికారి.)

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి ఈశాన్యపు గాలి మొదలయ్యే రోజులివి. సార్వా (ఖరీఫ్) వరి చేలు బరువెక్కి వంగుతుంటే రైతు చూపు మాత్రం తూర్పు ఆకాశం మీదే ఉంటుంది. మొదటి శ్రోత కాట్రేనికోన మండలం నుంచి మాట్లాడుతున్నారు. చెప్పండి బాబూ.

శ్రోత: నమస్కారమండీ. మా ఊరి చరిత్రను చిన్న పుస్తకంగా తేవాలని నేనూ నా స్నేహితులూ పూనుకున్నాం. పెద్ద తుపాను దగ్గరకు వచ్చేసరికి పని ఆగిపోయింది. అది ఆశ్వయుజంలో, దీపావళికి ముందు వచ్చిందని మా మామ్మ అంటుంది. నవంబరులో వచ్చిందని, నవంబరంటే కార్తీకమేనని నాన్నగారు వాదిస్తారు. ఎవరి మాట రాయమంటారు?

అధికారి: ఇద్దరి మాటా రాయండి. మీరు చెబుతున్నది 1996 నవంబరు 6, బుధవారం రాత్రి కోనసీమ కొబ్బరితోటలను ఊడ్చిపెట్టిన తుపాను అయితే, ఆ ధాత నామ సంవత్సరంలో దీపావళి నవంబరు 10న వచ్చింది. అంటే గాలి వీచిన రాత్రికి ఇంకా ఆశ్వయుజ బహుళమే నడుస్తోంది. మన చాంద్రమాన నెలలు ఏటా పదీ పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధిక మాసం పడినప్పుడు మళ్లీ ముందుకు వస్తుంటాయి గాని, సముద్రానికి ఆ లెక్కతో పని లేదు. గాలులూ వానలూ సూర్యుడి నడకను బట్టి మారతాయి. కార్తె అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రంలో గడిపే పదమూడు పద్నాలుగు రోజులు; అదీ సూర్యుణ్ణి బట్టే వస్తుంది కాబట్టి వాతావరణం రాసేటప్పుడు నెల కంటే కార్తె నమ్మదగిన కొలత. చిత్త అక్టోబరు రెండో వారంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో, విశాఖ నవంబరు 6 ప్రాంతంలో, ఒకటి రెండు రోజుల తేడాతో ఏటా అక్కడే వస్తాయి. మీ మామ్మగారిని నెల అడగకండి, కార్తె అడగండి.

శ్రోత: మరో చిక్కు కూడా ఉందండి. పెద్దవాళ్లు ‘నీళ్లొచ్చిన ఏడు’ అంటారు. అది గోదావరి వరదో, సముద్రపు ఉప్పెనో తేల్చుకోలేకపోతున్నాం.

అధికారి: 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన వరదనూ, పదేళ్ల తరువాతి ఉప్పెననూ కలిపి ఒకే కథగా చెప్పేవారు నాకు చాలామంది తారసపడ్డారు. అలాంటప్పుడు బావి నీళ్లు ఉప్పెక్కాయా అని అడగండి. వరద ఒండ్రును వదిలి వెళుతుంది. ఉప్పెన ఉప్పును వదిలి వెళుతుంది, ఆ ఉప్పు కడుక్కుపోయేదాకా చేను పండదు. ఇక గాలి సంగతికి కొబ్బరిచెట్లే సాక్షులు. పడమరకు కదిలే తుపానుకు ఉత్తరాన ఉన్న ఊళ్లో తూర్పు గాలి కొడుతుంది కనుక చెట్లు పడమటి వైపు పడతాయి. దక్షిణాన ఉన్న ఊళ్లో అందుకు ఎదురుగా, తూర్పు వైపు పడతాయి. తుపాను కన్ను ఊరి మీదుగానే పోతే ముందు ఉత్తరపు గాలి వీచి, కాసేపు అంతా నిశ్శబ్దమై, ఆ వెనుక దక్షిణపు గాలి వస్తుంది. ఆ రాత్రి చెట్లు ఎటు పడ్డాయో, గాలి నడుమ ఆగిందో లేదో మామ్మగారిని అడిగి మళ్లీ ఫోను చేయండి. కాగితం సాక్ష్యం కావాలంటే అడంగల్, అంటే ఊరి పొలాల, పంటల లెక్కల పుస్తకం చూడండి. అందులో ఏళ్లు ఫసలీ లెక్కలో, అంటే రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. జూలైతో మొదలయ్యే ఆ ఏటికి 590 కలిపితే ఇంగ్లీషు ఏడు వస్తుంది. మీరు వెతకవలసింది 1406 ఫసలీ.

నిర్వాహకురాలు: అల్లవరం మండలం నుంచి ఒక మహిళా రైతు లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: మాస్టారూ, నా చేలో వేసింది స్వర్ణ రకం వరి. పది రోజుల్లో కోతకు వస్తుంది. అల్పపీడనం అంటున్నారు కదా, ఇప్పుడే కోసేయమంటారా?

అధికారి: వద్దమ్మా. కోసి పనల మీద ఉన్న వరి కంటే నిలబడి ఉన్న వరి వానను ఎక్కువ ఓర్చుకుంటుంది. ముందుగా గట్లకు గండ్లు పెట్టి నీరు తీసేయండి. పడిపోయిన దుబ్బులను లేపి నాలుగైదు కలిపి కట్టించండి. ఒకవేళ పనలు తడిస్తే, గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి యాభై గ్రాముల చొప్పున ఉప్పు కలిపి వాటి మీద చల్లించండి. ధాన్యం అమ్మేనాటికి తేమ 17 శాతానికి మించకూడదు.

శ్రోత: ప్రతి ఏడూ ఇదే భయమండీ. మా అత్తగారి కాలంలోనూ ఇంతేనా?

అధికారి: భయం పాతదే, కాకపోతే కొంత మనం పెంచుకున్నాం. మార్టేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029, అంటే మీ స్వర్ణ, దిగుబడితో డెల్టానంతా ఆక్రమించింది; నేనూ దాన్ని వేయమని ఊరూరా చెప్పినవాణ్ణే. దాని కాలం దాదాపు 150 రోజులు. జూన్ మొదటి వారంలో నారు పోస్తే స్వాతి కార్తెలో మాసూలు, అంటే కోత నూర్పిళ్లు, ముగుస్తుంది. జూలైలో పోస్తే పంట నవంబరు తుపానుల నోటికి అందుతుంది. అయితే ఇది ఒక్క రైతు చేతిలో ఉన్న పని కాదు. కాలువ నీరు వేళకు రావాలి, ఆయకట్టంతా ఒకేసారి కదలాలి, మురుగు కాలువల్లో గుర్రపు డెక్క తీయించాలి. 2011లో కోనసీమ రైతులు సార్వాకు సెలవు ప్రకటించి పంట వేయడం మానినప్పుడు ధరతో పాటు మురుగు పారుదల గురించీ అడిగారు. మీ ఊరి చరిత్ర రాసేవారు ఉంటే ఆ ఏటిని తప్పక రాయించండి.

నిర్వాహకురాలు: తాళ్లరేవు నుంచి మరొకరు. క్లుప్తంగా అడగండి.

శ్రోత: నందన కరువు 1952 నాటిదని మా ఊరి పుస్తకంలో వేశారు. అది నిజమేనా?

అధికారి: కాదండి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కనుక ఆ పొరపాటు జరిగింది. ఆ కరువు 1832-33 నాటిది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ దొర పని మొదలుపెట్టింది 1847లో, ముగించింది 1852లో. మీకు పక్కనే ఉన్న కోరంగి రేవును తుపాను ముంచింది 1839 నవంబరు 25న, అది వికారి నామ సంవత్సరం. పేరు పక్కన అంకె కూడా వేయించండి.

నిర్వాహకురాలు: కాట్రేనికోన శ్రోత మళ్లీ లైనులోకి వచ్చారు. మామ్మగారు ఏమన్నారు?

శ్రోత: మొదట వీచింది ఉత్తరపు గాలేనటండి, పెరట్లోని చెట్లు దక్షిణానికి వరిగాయట. ఆ తరువాత దీపం వెలిగించుకునేంత నిశ్శబ్దం. అంతా అయిపోయిందనుకుని తాతయ్య గొడ్లను చూడడానికి వెళ్లాడట. వెనకనుంచి మళ్లీ దక్షిణపు గాలి వచ్చిందట. కార్తె అడిగితే, స్వాతి వెళ్లి విశాఖ వచ్చిందని చెప్పింది.

అధికారి: అయితే తుపాను కన్ను మీ పెరటి మీదుగానే వెళ్లింది. ఆమె మాటలను ఆమె చెప్పినట్టే రాసుకుని, కింద తేదీ వేయండి. తాతయ్యగారు ఆ నిశ్శబ్దంలో ఎంత దూరం వెళ్లి వచ్చారో కూడా అడగండి. కన్ను మీ ఊరు దాటడానికి ఎంతసేపు పట్టిందో దాన్ని బట్టి తెలుస్తుంది.